గిర్నికీ ఐసు డబ్బాకీ మార్కులేసిన సంగతి

“నీ ఇంట్ల గింజలు కొలిచి పోస్తున్నవా అక్కా? మార్కులే గదా. నాలుగు ఎక్కువేస్తే నీ గుమ్మిల తక్కువైతదా?”

“ఊరికే వచ్చినయి గదా అని ఊడ్చి పోస్తరా? మొరం మట్టికి గూడ ధర ఉన్నది ఇయ్యాల. ట్రాక్టరుకు ఎంత అడుగుతున్నరో కనుక్కో.”

“యాభైకి ఇరువై ఆరు. ఆ పల్లెటోళ్లు నీకేమన్న పగోళ్లా?”

“నువ్వేసినవు గదా, యాభైకి యాభై ఐదు. ఆ ఊరు నీ వియ్యంకునిదా?”

“పిస్నారి.”

“దుబారా.”

మా ఇద్దరి మధ్య కూర్చున్న సారు కంప్యూటరు వైపే చూస్తున్నాడు. పాపం, ఆయన ఎన్నిసార్లు పదకొండు కొట్టినా గడి ఎర్రబడుతోంది. పది దాటితే తీసుకోకుండా దాన్ని ఎవరో అట్లా తయారుచేశారట. ఆయన నుదుటికి జండూబామ్ రాసుకుని, మళ్లీ కొట్టి, మళ్లీ చూశాడు. ఎరుపే.

కామారెడ్డిలో ఎరువుల దుకాణం మీది అంతస్తులో రెండు గదులు కిరాయికి తీసుకుని మా ఆఫీసు నడిపేవారు. కామారెడ్డి అప్పటికి ఇంకా జిల్లా కాలేదు. ఇప్పుడు ఇట్లాంటి కొలువుల్లో చేరే ఆడపిల్లలు మాకంటే బాగా చదువుకున్నవాళ్లు. అయినా ఈ సంగతి వాళ్లకు చెప్పాలనిపించి రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి దాకానే కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. లెక్కలో తప్పులుండవు.

మా పని ఇది. ఒక సంస్థ ఊళ్లకు గ్రాంటు ఇచ్చేది. ఊళ్లో అందరికీ పనికొచ్చే వస్తువు ఏదైనా కావాలని సంఘం వాళ్లు దరఖాస్తు పెట్టుకుంటారు. మేము ఆ ఊరికి పోయి, చూసి, మాట్లాడి మార్కులు వేస్తాం. ఎక్కువ మార్కులు వచ్చిన దరఖాస్తుకు గ్రాంటు. అంతకుముందు ఈ పని చదువుకున్న అధికారులు చేసేవారట. జీపులో వచ్చి, జీపు దిగకుండానే ఊరు చూసి పోయేవారట. ఊళ్ల సంగతి ఊరి ఆడవాళ్లకే తెలుస్తుందని పైన ఎవరికో తోచి, మాలాంటి సంఘాల ఆడవాళ్లను ఎంచుకున్నారు. అప్పటిదాకా నేను బీడీలు చుట్టేదాన్ని.

ప్రశ్నలు ఐదు. ఆ వస్తువు అవసరం ఎంత ఉంది? దానికోసం ఊరు తన వంతు ఏం చేసింది? నడిపే సత్తా ఉందా? సంఘం లెక్కలు శుభ్రంగా ఉన్నాయా? అందరికీ అందుతుందా? ఒక్కోదానికి పది మార్కులు. వినడానికి ఇది మా మనవరాలు కూడా చేసే పని. కానీ చేతికి పెన్ను ఇచ్చాక ఎవరి బుద్ధి వారిది. మాతో ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు. ఏ ఊరికైనా, దేనికైనా ఐదే వేసేవాడు. “ఎక్కువేస్తే ఓడినోడు తిడతడు, తక్కువేస్తే గెలువనోడు తిడతడు. ఐదుకు ఎవడు తిడతడు?” అనేవాడు. ఓడినవాళ్లు, గెలవనివాళ్లు ఒకరే కదా అని నేను అడిగితే ఆలోచించి చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు. ఇంకొకామె ఊళ్లోకి పోగానే కుక్కలు మొరిగితే రెండు మార్కులు కోసేది. కుక్కలను అదుపులో పెట్టనివాళ్లు మోటారును ఏం అదుపులో పెడతారని ఆమె వాదన.

నా చెయ్యి బిగువు. ఒప్పుకుంటాను, అందులో దాచేదేముంది. తాలింపుకు గరిటెడు నూనె చాలినచోట రెండు పోస్తే కూరకు రుచి పెరగదు, సీసా ఖాళీ అవుతుంది. మార్కూ అంతే. అప్పటిదాకా ఏడు దాటి ఎవరికీ వేయలేదు. ఎనిమిది వేయాల్సిన ఊరు ఉంటే ఉండొచ్చు, బస్సు నన్ను అక్కడికి తీసుకుపోలేదు.

నా జంటగా పనిచేసింది ఎల్లారెడ్డి మనిషి. నాకంటే చిన్నది, అందుకే చెల్లె అని పిలిచేదాన్ని. ఆమె అంతకుముందు పెండ్లిళ్లకు వంటలు చేసేది. వందమందికి చెప్తే నూట యాభై మందికి వండేదట. మిగిలితే ఎట్లా అంటే, సరిపోకుంటే ఎట్లా అనేది. పదికి పదకొండు వేయడం ఆమె అలవాటు.

“పది మీద ఆపుతరా అక్కా? పెండ్లిల కట్నం రాయిస్తే పది రాయిస్తమా, పదకొండు రాయిస్తమా? శుభమా అని ఇచ్చేకాడ సున్నా మీద ఆపొద్దు.”

ఎంత పనికిరాని దరఖాస్తుకైనా ఆమె సున్నా కూడా వేయదు. వట్టి చేతులతో ఎవరినీ పంపగూడదట. కాబట్టి ఆమె దగ్గర తక్కువంటే ఒకటి, ఎక్కువంటే పదకొండు. మధ్యలో అంకెలు ఉన్నాయన్న సంగతే ఆమె పట్టించుకోలేదు.

మామూలుగా ఇద్దరం ఒకే ఊరికి కలిసి పోయేవాళ్లం. ఆమె పదకొండు, నా నాలుగు కలిపి సగం చేస్తే న్యాయానికి దగ్గరదగ్గరగా ఏదో ఒకటి వచ్చేది. కానీ ఆ ఎండాకాలం బస్సులు ఏ రోజు నడుస్తాయో, ఏ రోజు బందవుతాయో తెలియకుండా ఉండింది. త్వరగా అయిపోవాలని సారు మమ్మల్ని విడివిడిగా పంపించాడు. కొట్లాటకు విత్తనం అక్కడ పడింది.

ఆ ఏటికి ఒకే ఒక్క గ్రాంటు మిగిలింది. దానికి పోటీలో మిగిలినవి రెండు దరఖాస్తులు. ఒకటి ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న పల్లె. వాళ్లకు పిండి గిర్ని కావాలి. దాన్ని నేను చూసొచ్చాను. రెండోది పెద్దకొడప్‌గల్ దగ్గర ఒక ఊరు. వాళ్లకు శవాలను పెట్టే ఐసు డబ్బా కావాలి. దాన్ని చెల్లె చూసొచ్చింది.

ముందు గిర్ని సంగతి చెప్తాను. ఆ పల్లె ఆడవాళ్లు జొన్నలు, గోధుమలు నెత్తిన పెట్టుకుని ఎల్లారెడ్డి దాకా నడుస్తారు. కరెంటు ఉంటే పిండి తెచ్చుకుంటారు, లేకపోతే అవే గింజలు మళ్లీ నెత్తికెత్తుకుని ఇంటికొస్తారు. ఆ రోజు కూలి పోయినట్టే. సంఘం లీడరు బక్కపలుచని మనిషి, గొంతు మాత్రం మైకు. దరఖాస్తు పెట్టకముందే ఊరి ఆడవాళ్లందరినీ కూడగట్టి, రాళ్లు మోయించి, మట్టి తొక్కించి, గిర్ని కోసం ఒక అర్ర కట్టించింది. జాగా ఆ ఊరి పటేలుది. ఆయన ఊరికే ఇవ్వలేదు. “వానలు పడేలోపు గిర్ని మంజూరు గావాలె. గాకపోతే జాగ నాది, జాగల ఉన్న అర్ర నాది” అని అందరి ముందు అన్నాడు. అందరూ సరేనన్నారు. అంటే ఈసారి గ్రాంటు రాకపోతే ఆ ఆడవాళ్లు ఒక ఎండాకాలమంతా మోసిన రాళ్లు పటేలుకు కట్నంగా పోతాయి. లీడరమ్మ ఊళ్లో తలెత్తుకోలేదు.

నేను పోయేసరికి అర్ర గోడ మీద నీలం రంగుతో గిర్ని పేరు రాసి ఉంది.

“బిడ్డా, గిర్ని ఏది?”

“వస్తది గదా అవ్వా.”

“రాకముందే రంగుకు ఖర్చు పెట్టినవా?”

“కొన్నది గాదవ్వా. మా మరిది ఇంటికి కొట్టంగ మిగిలింది.”

ఆ జవాబు నాకు నచ్చింది. అవసరానికి ఏడు వేశాను, ఊరి వంతుకు ఏడు వేశాను. నా చేత్తో ఒకే ఊరికి రెండుసార్లు ఏడు పడడం అంతకుముందు జరగలేదు. తర్వాత టీ తెచ్చారు. సగం తాగి గ్లాసు వంచితే అడుగున చక్కెర ఇంకా కరగకుండా కుప్పగా ఉంది. దాంతో మా ఇంట్లో నాలుగు రోజులు టీ కాచొచ్చు.

“బిడ్డా, నడిపే సత్తాకు మూడు వేస్తున్న.”

“ఎందుకవ్వా?”

“చక్కెర కాడ చెయ్యి నిలువనోళ్లకు పిండి కాడ నిలుస్తదా? రేపు తూకం కాడ గిట్లనే పోస్తరు.”

ఆమె గ్లాసు తీసుకుని అడుగున మిగిలిన చక్కెర చూసింది. అన్నీ కలిపితే ఇరవై ఆరు వచ్చింది. నా లెక్కలో అది గొప్ప మార్కు. ఐసు డబ్బా ఊరికి చెల్లె ఐదు పదకొండ్లు వేసి రావడం వల్లనే అది చిన్నదైపోయింది.

“శవాల డబ్బాకు శుభం లెక్క ఏంది?” అని అడిగాను, ఆ కొట్లాటలోనే.

“డబ్బా వచ్చుడు శుభమే గదా అక్కా.”

“ఎవలకు?”

“ఉన్నోళ్లకు. పోయినోళ్లకు ఏ లెక్కయితే ఏంది?”

సారు కంప్యూటరు మూత వేశాడు. ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లవాడు. మంచివాడు, గట్టిగా మాట్లాడటం రాదు. “అవ్వా, మీ ఇద్దరివి తప్పు గాదు. చేతులే వేరు. రేపు మీరు డబ్బా ఊరికి పోండ్రి, ఈ అమ్మ గిర్ని పల్లెకు పోతది. రెండిటికి రెండు చేతులు పడితే సాఫ్ అయిపోతది” అన్నాడు.

“రెండు బస్సు ఛార్జీలు దండుగ.”

“నేనిస్త అవ్వా, నా జేబులకెళ్లి.”

“నీ జేబు మాత్రం చెట్టుకు కాసిందా?”

అయినా పోయాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే మెట్లు దిగాం.

మరునాడు ఎండలో బాన్సువాడ మీదుగా పోయి, పిట్లం దాటి, ఆ ఊళ్లో దిగేసరికి నడి మధ్యాహ్నం. అక్కడివాళ్లు మాటకొక మరాఠీ ముక్క కలిపి మాట్లాడతారు. నేను వస్తున్నానని ముందే తెలిసిందేమో, పంచాయతీ ఆఫీసు వరండాలో జనం పోగయ్యారు. మధ్యలో ఐసు డబ్బా. మూత తీసి ఉంది. లోపల తెల్ల ధోవతి కట్టుకున్న ముసలాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, తలకు చుట్టే పటకా ఛాతీ మీద పెట్టుకుని.

చెప్పులు విడిచి దండం పెట్టబోయాను.

“కొద్దిగ పక్కకు జరుగు అవ్వా, గాలి అడ్డం వస్తున్నవు” అన్నాడు ఆయన.

“తాతా, పానం ఉన్నదా?”

“ఉన్నది. మూత మాత్రం ఎయ్యనియ్యకు.”

సంఘం కార్యదర్శి ముందుకొచ్చాడు. పెద్ద మీసాల మనిషి. “ఎట్ల పనిజేస్తదని మీరు అడుగుతరు గదా అవ్వా. ఖాళీ డబ్బా సూపెడితే ఏం తెలుస్తది? అందుకే తాతను పండవెట్టినం. పొద్దుటికెళ్లి లెవ్వమంటే లేస్తలేడు” అన్నాడు. వెనకాల ఇంకో ఇద్దరు ముసలివాళ్లు తమ వంతు కోసం నిలబడ్డారు.

ఆ ఊరి అవసరం అబద్ధం కాదని ఇక్కడే చెప్తున్నాను. ఆ వైపు ఇండ్లల్లో మగపిల్లలు బొంబాయిలో, దుబాయిలో ఉంటారు. ఎవరైనా పోతే వాళ్లు వచ్చేదాకా శవాన్ని ఆపాలి. ఎండాకాలంలో అది ఎంత కష్టమో నాకూ తెలుసు. ఏడు వేద్దామనే అనుకున్నాను. నన్ను పిస్నారి అన్నదానికి చూపించాలని కూడా ఉంది. పెన్ను తీశాక ఒక మాట అడిగాను.

“గిది ఎవలది?”

“పక్క ఊరిది అవ్వా.”

“కిరాయికి తెచ్చిన్రా?”

“కిరాయి గిట్ల ఏం లేదు. అడిగితే ఇస్తరు. వాళ్లకు ఏడాదికి ఒకటో రెండోసార్లు పని పడతది.”

“మరి మీకు పని పడ్డప్పుడు అడగొచ్చు గదా?”

కార్యదర్శి మీసం సవరించుకున్నాడు. జవాబు డబ్బాలోంచి వచ్చింది. “వాళ్ల డబ్బాల మేము పండం. ఇజ్జత్ గల ఊరు మాది.”

“ఇప్పుడు పండినవు గద తాతా.”

“ఇది పానం ఉన్నప్పటి ముచ్చట. పానం పోయినంక మనిషికి పట్టింపు ఉంటది.”

నేను ఇంకేదో అడగబోతుంటే కరెంటు పోయింది. డబ్బా గుర్రుమని ఆగింది. ముసలాయన కొంతసేపు చూసి, “ఇగ లేపుండ్రి, ఉడుకపోస్తున్నది” అన్నాడు. ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు.

“కరెంటు గిట్ల పోతే శవం గతేంది?”

“జనరేటరు గూడ దరఖాస్తుల రాసినం అవ్వా.”

అవసరానికి ఒకటి వేశాను. అడిగితే ఇచ్చే డబ్బా పక్క ఊళ్లోనే ఉన్నప్పుడు ఇంకో డబ్బా పౌరుషానికే తప్ప పనికి కాదు. ఊరి వంతుకు నాలుగు, నడిపే సత్తాకు ఐదు. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి, ఆరు. ఆఖరి ప్రశ్న, అందరికీ అందుతుందా? ఇక్కడ పెన్ను ఆగింది. గిర్నికి రానివాళ్లు ఉండొచ్చు, కూలికి రానివాళ్లు ఉండొచ్చు. చావుకు రానివాడు ఎవడు? పటేలైనా, పాలేరైనా, వాళ్లైనా వీళ్లైనా. ఎంత ఆలోచించినా ఒక్క మార్కు కోయడానికి దారి దొరకలేదు. పది వేశాను. బతుకులో నేను వేసిన మొదటి పది అదే, ఆఖరిది కూడా అదే.

తెల్లవారి ఆఫీసుకు పోయేసరికి చెల్లె అప్పటికే వచ్చి కూర్చుంది. అక్కా అనలేదు. తన మార్కుల కాగితం నా ముందుకు నెట్టింది. ఐదు ప్రశ్నలకు ఐదు ఒకట్లు.

“ఇదేంది?”

“నన్ను దుబారా అన్నవు గదా. నీకన్న గట్టిగ పట్టుకున్న. పదకొండ్ల పది తీసేసిన.”

నా ఇరవై ఆరు, ఆమె ఐదు. ఆ ఆడవాళ్లు కట్టిన అర్ర పటేలుకు పోయినట్టే.

“నా మీది కోపం ఆ పల్లె మీద పోస్తవా?”

“నువ్వు చక్కెర మీది కోపం పొయ్యలే?”

సారు మధ్యలోకి వచ్చి, “అవ్వా, డబ్బా ఊళ్లె ఏం చూసిన్రో చెప్పుండ్రి” అన్నాడు, మాట మార్చడానికి. చెప్పాను. గాలి అడ్డం వస్తున్నానన్న దగ్గర చెల్లె పెదవి బిగించింది. వాళ్ల డబ్బాలో పండం అన్న దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పానం పోయినంక పట్టింపు ఉంటది అన్న దగ్గర ఇక ఆపుకోలేక, బల్ల మీద తల పెట్టి నవ్వింది. సారు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు, నేను చూసొచ్చినదాన్ని కదా. కానీ వాళ్లను చూసి నాకూ వచ్చింది.

నవ్వు తగ్గాక కళ్లు తుడుచుకుంటూ చెల్లె అంది. “ఆ పల్లె ఆడోళ్ల నెత్తులు చూసినవా అక్కా? చుట్టబట్ట పెట్టేకాడ ఎంటికలు రాలిపోయినయి. మూటలు మోసి మోసి. అది చూసుకుంట గూడ ఒకట్లు ఏసిన. నీ మీది కోపానికి.”

“మార్చు మరి.”

“ఇచ్చింది గుంజుకోవద్దు గని, కలుపొచ్చు గదా.”

కాగితం దగ్గరికి లాక్కుని, ప్రతి ఒకటి పక్కన ఇంకో ఒకటి గీసింది. ఐదు ఒకట్లు ఐదు పదకొండ్లయ్యాయి. సారు తల పట్టుకున్నాడు. “అమ్మా, కనీసం పది రాయుండ్రి.”

“సున్నా మీద ఆప.”

“కంప్యూటర్ల పట్టదు.”

“పెద్దది కొనుండ్రి.”

ఆయనే రెండు ఊళ్లకూ ఆమె పదకొండ్లను పదులుగా కొట్టుకున్నాడు. తర్వాత నా మార్కులు కొట్టాడు. ఆగాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ కంప్యూటరు చూశాడు.

“అవ్వా, డబ్బాకు మీరెన్ని ఏసిన్రు?”

“ఇరువై ఆరు.”

“గిర్నికి?”

“ఇరువై ఆరు.”

“అమ్మ రెండిటికి సమానం. మీరు గూడ రెండిటికి సమానం.” ఆయన మళ్లీ జండూబామ్ మూత తీశాడు. సాయంత్రంలోపు ఒక పేరు పంపించాలి. పంపించకపోతే ఆ గ్రాంటు ఇంకో జిల్లాకు పోతుంది.

“డబ్బాకు ఒక్కటి తగ్గించు అవ్వా.”

“దేంట్ల?”

“అందరికి అందుతదా అన్నదాంట్ల. పది ఎక్కువ గదా.”

“సావు తప్పించుకునేటోన్ని ఒక్కన్ని సూపియ్యి. తగ్గిస్త.”

ఆయన గదంతా చూశాడు. అక్కడ మేము ముగ్గురమే ఉన్నాం.

“పోనీ గిర్నికి ఒకటి కలుపుండ్రి.”

“దేనికి కలుపాలె? కారణం లేకుండ ఇస్తే అది మార్కు గాదు, దానం.”

“అక్కా, ఒక్క మార్కు. కాళ్లు మొక్కుత” అంది చెల్లె.

“కాళ్లకు మార్కు లేదు.”

గిర్ని పల్లె గెలవాలని నాకు మాత్రం లేదా? ఉంది. వాళ్లు మోసిన రాళ్లు నేనూ చూశాను. కానీ జాలిపడి ఒకటి కలిపితే, ఆ ఏడాది జాలి లేకుండా ఓడించిన ఊళ్లన్నింటికీ నేను ఏం చెప్పాలి? పెన్ను బల్ల మీద పెట్టి కూర్చున్నాను. సారు లేచి కిటికీలోంచి కిందికి మూడు టీలు అని అరిచాడు.

టీ వచ్చింది. చెల్లె ఒక గుక్క తాగి, “ఇది గదా టీ అంటే. ఆ పల్లెల పోసింది గూడ టీయేనా? సప్పటి కషాయం” అని గొణిగింది.

“ఏ పల్లెల?”

“గిర్ని పల్లెల. చక్కెర ఏది బిడ్డా అంటే, వద్దమ్మా, చక్కెరకు మార్కులు కోస్తరని చెయ్యి అడ్డం పెట్టింది లీడరమ్మ. చుట్టం వచ్చినా అదేనట. మొన్న ఎవల్దో పిల్లను చూడ వచ్చినోళ్లకు గూడ సప్పటి టీయే పోసిన్రట, వాళ్లు అలిగి పోయిన్రట. ఒకట్లు సగం నీ మీది కోపానికి ఏసిన, సగం ఆ టీకి ఏసిన.”

“ఊరు ఊరంతనా?”

“సంఘంల ఉన్న ఇండ్లన్ని. చక్కెర డబ్బాలన్ని లీడరమ్మ ఇంట్లనే పెట్టి తాళం ఏసింది. తాళంచెవి కొంగుకు కట్టుకున్నది. ఆమె అత్త అడిగినా ఇస్తలేదట.”

సారు గ్లాసు పట్టుకుని నన్నే చూస్తున్నాడు. నడిపే సత్తా అనే ప్రశ్నకు ఆ పల్లెకు మూడు వేసింది నేనే. చక్కెర దగ్గర చెయ్యి నిలవదని కోశాను. అత్త అడిగినా తాళం తీయని మనిషి గిర్ని నడపలేదని ఇంకెట్లా అంటాను?

“పెన్ను ఇటియ్యి” అన్నాను.

మూడు కొట్టేసి నాలుగు వేశాను. కొట్టేసినచోట సంతకం పెట్టమన్నాడు సారు. పెట్టాను. ఇరవై ఏడు.

“ఐదు ఏసేది ఉండె అవ్వా. అంత మంచి ముచ్చట విన్నంక” అన్నాడు, కంప్యూటరులో కొడుతూనే.

“గెలువనీకి ఒకటే కావాలె. రెండోది దండుగ.”

ఐసు డబ్బా ఊరివాళ్లు చాలాకాలం నన్ను తిట్టుకున్నారు. ఆ ముసలాయన మాత్రం ఒకసారి బాన్సువాడ బస్టాండులో కనబడి, చల్లగా ఉండేదని ఒక్క మాట చెప్పి పోయాడు. ఆ సంస్థ తర్వాత కొన్నేండ్లకు మూతపడింది, మా పనీ అయిపోయింది. పిల్లలూ, మీరు ఇప్పుడు సెల్‌ఫోన్లలో మార్కులు కొడుతున్నారట. పది దాటితే అందులో పట్టదట. మంచిదే. కానీ ఎదుటి ఊరిని చూసేముందు మీ పక్కన కూర్చున్న మనిషి చెయ్యి ఎట్లాంటిదో చూసుకోండి. మీ చెయ్యి సంగతి ఆ మనిషిని అడగండి, చెప్తుంది. మీరు అడగకపోయినా చెప్తుంది.

మార్కులు తేలిన మరునాడు పొద్దున నేను, చెల్లె మొదటి బస్సెక్కాం. ఆ పల్లెలో ఫోను సిగ్నల్ లేదు, పోయి చెప్పాల్సిందే. ఎల్లారెడ్డి అవతల బస్సు దిగితే మట్టిబాట తడిగా ఉంది. ముందురోజు సాయంత్రం అక్కడ ఒక జల్లు పడిందట. ఎండాకాలపు జల్లే, అయినా వాన వానే. మేము పోయేసరికి గిర్ని అర్రలో పటేలు బర్రె ఉంది, పుట్టి ఒక పూట కూడా కాని దుడ్డెతో. గడపలో పటేలు కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. లీడరమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు కొంచెం దూరంలో నిలబడి ఉన్నారు.

“గిర్ని మంజూరైంది” అంది చెల్లె.

పటేలు మమ్మల్ని చూశాడు, మబ్బు వైపు చూశాడు. “ఎప్పుడు?” అన్నాడు.

“నిన్న.”

“నిన్న ఎప్పుడు? వానకు ముందట్నా, ఎనకనా?”

“ముందట్నే. టీలు తాగే యాళ్లకు” అన్నాను నేను.

ఆయన పుల్ల పారేసి లేచాడు. లోపలికి పోయి తనే బర్రెను విప్పి బయటికి తోలుకొచ్చాడు. దుడ్డె రానని మొండికేస్తే లీడరమ్మ పోయి రెండు చేతుల్లో ఎత్తుకొచ్చి తల్లి పక్కన దించింది. ఆడవాళ్లు గడ్డి ఊడ్చారు, పేడ ఎత్తారు, నాలుగు బిందెల నీళ్లు పోసి నేల కడిగారు. అది ఆరేదాకా ఎవరూ లోపలికి పోలేదు.